అమెరికా కాలేజీ ఆన్‌లైన్ ఆల్కహాల్ కోర్సు: మెయిల్ వచ్చిన రోజు నుంచి రెండో భాగం పూర్తయ్యేదాకా

కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం వచ్చేసింది, వీసా స్టాంపింగ్ అయిపోయింది, టికెట్లు బుక్ అయ్యాయి, సూట్‌కేసులో పచ్చళ్లు ఎన్ని కిలోలు పడతాయో ఇంట్లో లెక్కలు నడుస్తున్నాయి. సరిగ్గా ఆ జూలై హడావుడిలో యూనివర్సిటీ నుంచి ఒక మెయిల్ వస్తుంది, ఫలానా తేదీలోపు ఆన్‌లైన్ ఆల్కహాల్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి, ఇది తప్పనిసరి అని. "నేను తాగనే తాగను, నాకెందుకిది" అనుకునేవాళ్లు కొందరు, "ఇందులో నాకు తెలియనిది ఏముంది" అనుకునేవాళ్లు ఇంకొందరు. చివరికి ఇద్దరూ చేసేది ఒకటే, వీడియోలు మ్యూట్‌లో పెట్టి నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడం.

అలా చేయొద్దు. ఈ కోర్సు తాగేవాడి కంటే, అదే గదిలో ఉండి తాగని వాడికో తక్కువ తాగిన వాడికో ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అర్ధరాత్రి ఫోన్ చేయాలా వద్దా అని తేల్చుకోవాల్సింది ఆ మనిషే. కింద రాసినదంతా ఆ ఒక్క విషయం మనసులో పెట్టుకుని రాశాను.

అసలిది ఎందుకు పెడతారు, ఎవరు చేయాలి

1989లో సవరించిన ఒక ఫెడరల్ చట్టం ప్రకారం, ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి కాలేజీ విద్యార్థుల కోసం మద్యం, డ్రగ్స్ నివారణ కార్యక్రమం నడపాలి, తమ నిబంధనలను ఏటా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆన్‌లైన్ కోర్సే పెట్టాలని చట్టంలో లేదు, కానీ వేలమంది కొత్తవాళ్లను ఒకేసారి చేరుకోవడానికి కాలేజీలకు ఇది వీలుగా ఉంది. ఎక్కువగా వినిపించే పేరు ఆల్కహాల్‌ఎడ్యు. శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో తయారైన ఈ-చెకప్ టు గో అని ఇంకొకటి ఉంది, అది చిన్నది, మీ జవాబులను బట్టి మీకే ఒక రిపోర్టు ఇస్తుంది. మీ కాలేజీ వాడేది ఇంకో పేరుతో ఉండొచ్చు, లోపలి విషయం మాత్రం దాదాపు అదే.

ఇంటర్ అయ్యాక బ్యాచిలర్స్‌కి వెళ్లేవాళ్లకు ఇది దాదాపు ఖాయం. మాస్టర్స్ వాళ్లు "ఇది చిన్నపిల్లలకి" అనుకుంటారు. 2023-24లో అమెరికాలో చదివిన 3.3 లక్షల మంది భారతీయ విద్యార్థుల్లో దాదాపు 2 లక్షల మంది మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లే. కొన్ని యూనివర్సిటీలు వాళ్లకూ వేరే వెర్షన్ పెడతాయి, కొన్ని ఫలానా వయసులోపు వాళ్లకే పెడతాయి. సీనియర్ చెప్పిన మాట నమ్మి వదిలేయకుండా, మీ పోర్టల్‌లో చేయాల్సిన పనుల జాబితా తెరిచి మీ పేరు మీద ఉందో లేదో చూసుకోండి. మీకు లేకపోయినా సరే, కింద ఎమర్జెన్సీ గురించి రాసిన భాగం ఒక్కటి చదివి వెళ్లండి.

మెయిల్, గడువు, హోల్డ్

ముందుగా యూనివర్సిటీ మెయిల్ ఐడీ యాక్టివేట్ చేసుకోండి. ఈ మెయిల్ సాధారణంగా మీ సొంత జీమెయిల్‌కి రాదు, యూనివర్సిటీ ఐడీకే వస్తుంది, అది కూడా చాలాసార్లు బయటి కంపెనీ పేరుతో వచ్చి స్పామ్‌లో పడి ఉంటుంది. మెయిల్‌లో లింకు మీద అనుమానం ఉంటే దాన్ని నొక్కొద్దు, స్టూడెంట్ పోర్టల్‌లో లాగిన్ అయి అక్కడి నుంచే కోర్సులోకి వెళ్లండి. లాగిన్ మీ యూనివర్సిటీ ఐడీతోనే జరగాలి. వేరే మెయిల్‌తో కొత్త అకౌంట్ తెరిస్తే పూర్తి చేసిన కోర్సు మీ రికార్డులోకి ఎక్కకపోవచ్చు, తర్వాత దాన్ని సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి.

గడువు అమెరికా టైములో ఉంటుంది. ఆగస్టులో న్యూయార్క్ వైపు రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు ఉదయం 9:29, టెక్సస్‌లో అయితే 10:29. మిగతా జోన్లకు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఎలాగూ చివరి రోజు దాకా ఆగకండి, ఫ్లైట్ ఎక్కడానికి కనీసం వారం ముందే ముగించేయండి.

పూర్తి చేయకపోతే చాలా కాలేజీలు మీ అకౌంట్ మీద హోల్డ్ పెడతాయి. అంటే క్లాసులు జోడించుకోలేరు, మార్చుకోలేరు, తర్వాతి సెమిస్టర్‌కి రిజిస్టర్ అవ్వలేరు. అక్కడి పిల్లలకు ఇది చిరాకు మాత్రమే, మనకు అంతటితో పోదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి, బ్యాచిలర్స్‌లో 12 క్రెడిట్లు, మాస్టర్స్‌లో చాలాచోట్ల 9. ఒక కోర్సు జోడించాల్సిన వారంలోనే హోల్డ్ ఉందనుకోండి, ఒక చిన్న వీడియో కోర్సు వల్ల ఇమ్మిగ్రేషన్ స్టేటస్ టెన్షన్ తగులుకుంటుంది.

సర్వేలో నిజం చెప్పండి

కోర్సు తెరవగానే ముందు ఒక సర్వే వస్తుంది: గత రెండు వారాల్లో తాగారా, ఎంత తాగారు, ఎందుకు తాగారు, తాగకపోతే ఎందుకు తాగలేదు. మనవాళ్లకు ఇక్కడ చెయ్యి ఆగుతుంది. నాన్నకి తెలుస్తుందేమో, వీసాకి అడ్డం వస్తుందేమో అని భయం. సాధారణంగా ఈ సర్వే జవాబులు విడివిడిగా కాలేజీకి వెళ్లవు, అందరివీ కలిపిన లెక్కలుగానే వెళ్తాయి. మొదటి పేజీలో గోప్యత గురించి రాసి ఉంటుంది, రెండు నిమిషాలు పెట్టి అది చదవండి.

నిజం చెప్పడం వల్ల లాభం మీకే. తాగని వాళ్లకు ఒక దారి, అప్పుడప్పుడు తాగేవాళ్లకు ఒక దారి, ఎక్కువ తాగేవాళ్లకు మరో దారి, ఇలా జవాబును బట్టి లోపల వచ్చే విషయం మారుతుంది. తాగనివాడు సరదాకి "తాగుతాను" అని పెడితే తనకి పనికిరాని గంట వీడియోలు చూడాలి, తాగేవాడు మంచివాడినని చూపించుకోవడానికి "తాగను" అని పెడితే తనకి కావాల్సిన భాగమే రాదు. తెలుగు ఇళ్లలో మందు గురించి అయితే గొడవ, లేకపోతే మౌనం. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లల్లో చాలామందికి ఎంత తాగుతున్నావు, ఎందుకు తాగుతున్నావు అని కోప్పడకుండా అడిగే మొదటి చోటు ఇదే అవుతుంది. దాన్ని అబద్ధాలతో పాడు చేసుకోకండి.

ఒక డ్రింక్ అంటే ఎంత: ఇక్కడ పెన్నూ పేపరూ తీసుకోండి

కోర్సు మొత్తంలో మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అమెరికాలో స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. 5 శాతం బీరు అయితే 12 ఔన్సులు, అంటే 355 మిల్లీలీటర్లు. 12 శాతం వైన్ అయితే 5 ఔన్సులు, సుమారు 148 మిల్లీలీటర్లు. 40 శాతం విస్కీ, వోడ్కా లాంటివైతే ఒకటిన్నర ఔన్సు, 44 మిల్లీలీటర్లు. పరీక్షలో ఇవి అడుగుతారు.

మన లెక్కలు వేరు. మనకి స్మాల్, లార్జ్, నైంటీ, క్వార్టర్. వీటిని మార్చుకోవడానికి చిన్న సూత్రం ఉంది: మిల్లీలీటర్లను శాతంతో గుణించి 100తో భాగించండి, వచ్చినదాన్ని 0.789తో గుణిస్తే గ్రాములు వస్తాయి, దాన్ని 14తో భాగిస్తే డ్రింకులు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 60 ఎంఎల్ లార్జ్ సుమారు ఒకటిన్నర డ్రింకులు. నైంటీ రెండు డ్రింకుల పైన. 180 ఎంఎల్ క్వార్టర్ అంటే నాలుగు డ్రింకులు దాటిపోతాయి. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే, ఆ ఒక్క సీసా దాదాపు మూడు డ్రింకులు. "నేను ఒక్క బీరే తాగాను" అన్నవాడు అమెరికా లెక్కలో మూడు తాగినట్టు.

ఇప్పుడు ఇంకో లెక్క. రెండు గంటల్లో మగవాళ్లు ఐదు, ఆడవాళ్లు నాలుగు డ్రింకులు తాగితే దాన్ని బింజ్ అంటారు. ఒక క్వార్టర్ మీద ఇంకో 30 ఎంఎల్ స్మాల్ పడితే ఆ గీత దాటేసినట్టే. మన స్నేహితుల్లో దాన్ని ఎవరూ ఎక్కువ అనుకోరు, మామూలే అంటారు. ఈ తేడా తెలియకుండా సర్వేలో "నాలుగు" అని రాస్తే ఆ నాలుగు నిజానికి ఆరో ఏడో కావచ్చు.

అక్కడికి వెళ్లాక మోసం చేసేవి వేరే ఉన్నాయి. పార్టీల్లో ఇచ్చే ఎర్ర ప్లాస్టిక్ కప్పులో 16 నుంచి 18 ఔన్సులు పడతాయి, అందులో వోడ్కా ఎంత పోశారో పోసినవాడికి కూడా తెలియదు. ఫోర్ లోకో లాంటి పెద్ద క్యాన్లు 23.5 ఔన్సులుంటాయి, 14 శాతం రకం అయితే ఒక్క క్యాన్ ఐదు డ్రింకులు దాటుతుంది. చూడ్డానికి కూల్‌డ్రింక్ క్యాన్ లాగే ఉంటుంది, రుచి కూడా తియ్యగానే ఉంటుంది. 7 శాతం ఐపీఏ బీరు పింట్ గ్లాసు నిండా పోస్తే దాదాపు రెండు డ్రింకులు. క్యాన్ మీద శాతం, ఔన్సులు చూసే అలవాటు చేసుకోండి, సగం ప్రమాదం అక్కడే తెలిసిపోతుంది.

రక్తంలో ఎంత, దిగడానికి ఎంతసేపు

తర్వాతి భాగం బీఏసీ గురించి, అంటే రక్తంలో ఆల్కహాల్ శాతం. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, కాలేయం గంటకు సుమారు ఒక డ్రింక్ మాత్రమే ఖాళీ చేయగలదు, బీఏసీ గంటకు 0.015 చొప్పున తగ్గుతుంది. మజ్జిగ, నిమ్మరసం, బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం, ఇవేవీ ఆ వేగాన్ని పెంచవు. రాత్రి ఒంటిగంటకు 0.16 ఉన్నవాడు మర్నాడు మధ్యాహ్నానికి గానీ సున్నాకి రాడు, పొద్దున్నే 8 గంటలకు కారు తీస్తే ఇంకా మత్తులోనే నడుపుతున్నట్టు. అదే బరువున్న అబ్బాయి కంటే అమ్మాయి శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి, ఇద్దరూ సమానంగా తాగినా అమ్మాయి బీఏసీ ఎక్కువ ఉంటుంది. ఖాళీ కడుపుతో తాగితే ఇంకా త్వరగా ఎక్కుతుంది. ఇంతవరకు కోర్సు బాగానే వివరిస్తుంది, నేను సాగదీయను.

చట్టం, వీసా: కోర్సులో సరిగా చెప్పని భాగం

కొనడానికి, బయట తాగడానికి వయసు 21. 1984 నాటి ఫెడరల్ చట్టం తర్వాత 1988కల్లా అన్ని రాష్ట్రాలూ ఇదే వయసుకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ చట్టం 21 అనే చెబుతుంది, కానీ వైన్ షాపులో మిమ్మల్ని ఎవరూ ఐడీ అడిగి ఉండరు. అక్కడ అడుగుతారు, ముప్పై ఏళ్లవాళ్లని కూడా అడుగుతారు. కజిన్ లైసెన్సు పట్టుకుని వెళ్లడం, ఆన్‌లైన్‌లో ఫేక్ ఐడీ తెప్పించుకోవడం లాంటివి అస్సలు వద్దు. అది మందు కేసుగా ఆగదు, మోసం కేసు అవుతుంది, వీసా మీద ఉన్నవాళ్లకు మోసం కేసు ఇంకా బరువు.

మాస్టర్స్ వాళ్లకు వేరే చిక్కు ఉంది. మీకు 23 ఏళ్లు, మీరు కొనొచ్చు. మీ అపార్ట్‌మెంట్‌లో వెల్‌కమ్ పార్టీకి బ్యాచిలర్స్ చదివే 19 ఏళ్ల తమ్ముడు కూడా వచ్చాడు, "అన్నా నాకూ ఒకటి" అన్నాడు. వాడికి గ్లాసు ఇచ్చిన క్షణంలో 21 లోపు వాళ్లకు మద్యం ఇచ్చిన నేరం మీది. మీరు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అయి, అతను మీ సెక్షన్‌లో స్టూడెంట్ అయితే ఉద్యోగం కూడా పోవచ్చు. ఇంట్లో పార్టీ ఇచ్చేవాళ్లకి ఇది బాగా గుర్తుండాలి, వాళ్ల కోసం థంసప్ విడిగా పెట్టండి, మొహమాటపడకుండా ముందే చెప్పేయండి.

డ్రైవింగ్ సంగతి. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే ఏమవుతుందో మీకు తెలుసు, జరిమానా, కోర్టు, ఇంట్లోవాళ్లతో కలిసి కౌన్సెలింగ్. ఇండియాలో పరిమితి 0.03, అమెరికాలో 0.08, ఒక్క యూటాలో 0.05. ఎక్కువ ఉంది కదా అని సంతోషించకండి. 21 లోపు వాళ్లకు పరిమితి 0.02 లేదా ఇంకా తక్కువ. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, తాగి నడిపిన కేసులో అరెస్టు అయితే చాలు, శిక్ష పడకపోయినా వీసా స్టాంప్ రద్దు చేస్తూ వస్తోంది. మీరు ఇండియాకి వచ్చి మళ్లీ వెళ్లాలంటే కొత్తగా స్టాంపింగ్, దాంతోపాటు కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర మెడికల్ పరీక్ష. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్టు అయ్యారా" అనే ప్రశ్నకు జీవితాంతం అవును అనే రాయాలి. చెల్లి పెళ్లికి రావాలా వద్దా అని ఆలోచించుకునే పరిస్థితి అది. అలాంటిది జరిగితే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి చెప్పండి, వాట్సాప్ గ్రూపులో సలహాలు అడగొద్దు.

ఇంకో రెండు. కారులో మూత తీసిన సీసా ఉండటమే చాలా రాష్ట్రాల్లో నేరం, తాగింది వెనక సీట్లో వాడైనా సరే, కాబట్టి మిగిలిన సీసాని డిక్కీలో పెట్టండి. రెండోది, 21 లోపు విద్యార్థి మద్యం నిబంధన ఉల్లంఘిస్తే తల్లిదండ్రులకు చెప్పడానికి 1998 నుంచి కాలేజీకి చట్టం అనుమతి ఇచ్చింది. చెప్పాలని లేదు, చెప్పొచ్చు. "అమెరికాలో నా మార్కులు కూడా ఇంటికి చెప్పరు" అన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

ఫోన్ చేయాల్సిన రాత్రి

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది, కోర్సులో ఇది వచ్చినప్పుడు వీడియో ఆపి నోట్సు రాసుకోండి.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో తిమోతీ పియాజా అనే 19 ఏళ్ల విద్యార్థి, కొత్తవాళ్లను ఫ్రాటర్నిటీలో (అబ్బాయిల విద్యార్థి సంఘంలో) చేర్చుకునే రాత్రి అతనితో తాగించిన తర్వాత మెట్ల మీది నుంచి పడ్డాడు. చుట్టూ మనుషులున్నారు. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ వెళ్లింది దాదాపు 12 గంటల తర్వాత. అతను చనిపోయాడు. 2018లో పెన్సిల్వేనియా రాష్ట్రం అతని పేరుతో ర్యాగింగ్‌కి వ్యతిరేకంగా చట్టం తెచ్చింది. అమెరికాలో మద్యంతో ముడిపడిన ప్రమాదాల్లో ఏటా సుమారు 1,500 మంది కాలేజీ విద్యార్థులు చనిపోతున్నారని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అంచనా.

స్నేహితుడు ఎక్కువ తాగి పడిపోయాడు. ఏం చూడాలి? పిలిచి, భుజం పట్టి గట్టిగా కుదిపితే పలుకుతున్నాడా. స్పృహ లేకుండానే వాంతి చేసుకుంటున్నాడా. ఊపిరి లెక్కపెట్టండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నిమిషం పాటు ఛాతీ చూడండి: నిమిషానికి 8 కంటే తక్కువైనా, రెండు శ్వాసల మధ్య 10 సెకన్లు దాటినా ప్రమాదం. ఒళ్లు చల్లగా, చెమ్మగా ఉందా. పెదవులు, గోళ్లు నీలంగా మారాయా, మన రంగు వాళ్లలో చర్మం మీద నీలం త్వరగా కనపడదు, అందుకే పెదవుల లోపలివైపు, గోళ్ల కింద చూడాలి. ఫిట్స్ వస్తే ఇంక ఆలోచించేది లేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 911. అన్నీ ఉండాల్సిన పని లేదు.

"పడుకోబెడదాం, పొద్దునకి దిగిపోతుంది" అనే మాట చాలా ప్రమాదం. పడుకున్నాక కూడా కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, అంటే పడుకున్నప్పటి కంటే గంట తర్వాత పరిస్థితి ఇంకా పాడవ్వచ్చు. నోట్లో వేళ్లు పెట్టి కక్కించొద్దు, మత్తులో ఉన్నవాళ్ల గొంతు సరిగా పనిచేయదు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగ గానీ కాఫీ గానీ నోట్లో పోయొద్దు, అదే కారణం. బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి షవర్ కింద నిలబెట్టొద్దు, పడిపోతాడు, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది.

ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అతని ఎడమ పక్కన కూర్చుని, అతని ఎడమ చెయ్యి తల పైకి చాపండి, కుడి మోకాలు మడవండి, మీ వైపు తిప్పండి, బుగ్గ కింద అతని అరచెయ్యే పెట్టండి, నోరు కిందివైపు ఉండాలి. వీపు మీద వాలకుండా వెనకాల దిండో బ్యాగో పెట్టండి. అక్కడి నుంచి కదలకండి. అంబులెన్స్‌లో వచ్చే పారామెడిక్స్‌కి ఏం తాగాడు, ఎంత, ఎప్పుడు మొదలైంది, ఏ మాత్రలు వేసుకున్నాడు, ఉన్నదున్నట్టు చెప్పండి. స్పృహలో ఉన్నాడు, కానీ అనుమానంగా ఉంది అంటే పాయిజన్ హెల్ప్ లైన్ 1-800-222-1222కి చేసి అడగొచ్చు, అమెరికా అంతా ఉచితం, 24 గంటలూ పలుకుతారు.

మనవాళ్లను ఆపే భయాలు మూడు. పోలీసులు వస్తారు, వీసా పోతుంది, అంబులెన్స్ బిల్లు. మొదటి భయం తగ్గించడానికే (దాంతో రెండోదీ కొంత తగ్గుతుంది) చాలా రాష్ట్రాల్లో గుడ్ సమారిటన్ చట్టాలు, చాలా కాలేజీల్లో మెడికల్ ఆమ్నెస్టీ నిబంధనలు ఉన్నాయి. సాయం కోసం ఫోన్ చేసి, అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు సహకరిస్తే వయసు తక్కువైనా తాగినందుకు చర్య తీసుకోరు, మహా అయితే ఒక కౌన్సెలింగ్ క్లాసుకి వెళ్లమంటారు. ఇది అన్నిటికీ వర్తించదు, తాగి నడపడం, చిన్నవాళ్లకి మందు ఇవ్వడం, ఫేక్ ఐడీ, దాడి లాంటివి సాధారణంగా దీని కిందికి రావు. ఫోన్ చేసినవాడికీ, పడిపోయినవాడికీ ఇద్దరికీ వర్తిస్తుందా, క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్‌లో వర్తిస్తుందా అనేది మీ రాష్ట్రం, మీ కాలేజీని బట్టి మారుతుంది. కోర్సు చివర మీ కాలేజీ సొంత పాలసీ లింకు ఉంటుంది. దాన్ని తెరిచి ఈ ప్రశ్నలకు జవాబులు వెతికి స్క్రీన్‌షాట్ తీసుకోండి.

బిల్లు మాట నిజమే, వస్తుంది, ఎక్కువే రావచ్చు. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ కొంత భరిస్తుంది, మిగతాది ఆస్పత్రి బిల్లింగ్ వాళ్లతో మాట్లాడి తగ్గించుకోవచ్చు, వాయిదాల్లో కట్టొచ్చు. ఆ రాత్రి గదిలో నిలబడి చేయాల్సిన లెక్క కాదది.

మందుల డబ్బా, సమ్మతి

కోర్సు మందుల గురించి నాలుగు మాటలు చెప్పి వదిలేస్తుంది. మన సూట్‌కేసులో అమ్మ సర్దిన మందుల డబ్బా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం చెప్పుకోవాలి. డోలో 650 అంటే పారాసెటమాల్, అక్కడ టైలెనాల్‌లో ఉండేదీ అదే. ఎక్కువ తాగి, తలనొప్పికి అది మీద మీద వేసుకుంటే కాలేయానికి దెబ్బ. విరేచనాలకి వేసుకునే మెట్రోనిడజోల్ కోర్సులో ఉన్నప్పుడు మద్యం ముట్టుకోవద్దని డాక్టర్లు చెబుతారు. జలుబుకి సెట్రిజిన్ వేసుకుని తాగితే నిద్ర మత్తు రెట్టింపు. నిద్ర కోసమో యాంగ్జైటీకో అల్ప్రజోలామ్ వాడుతుంటే మద్యంతో కలిసి ఊపిరే మందగించవచ్చు, ఈ రెండూ కలపడం ప్రాణాంతకం కావచ్చు.

సమ్మతి మీద విడిగా ఇంకో కోర్సు కూడా వస్తుంది, 2013 నాటి చట్టం ప్రకారం లైంగిక హింస నివారణ మీద కొత్తవాళ్లకి శిక్షణ ఇవ్వాలి. అందులో ఒక్కమాట ఖచ్చితంగా తలకెక్కించుకోండి: ఎదుటి మనిషి మత్తులో సోయి లేకుండా ఉంటే వాళ్లు "సరే" అన్నా అది సమ్మతి కాదు. "నేనూ తాగే ఉన్నాను" అనేది ఏ విచారణలోనూ మిమ్మల్ని కాపాడదు.

పరీక్ష, ఆ తర్వాత వచ్చే రెండో భాగం

మొదటి భాగం చివర పరీక్ష ఉంటుంది, కాలేజీలు ఎక్కువగా 70 శాతం అడుగుతాయి. పైన చెప్పిన డ్రింక్ కొలతలు, గంటకు ఒకటి, ప్రమాద లక్షణాలు తెలిస్తే పాసవుతారు, గ్రూపుల్లో తిరిగే ఆన్సర్ కీలు అవసరం లేదు. మధ్యలో ఆపి మళ్లీ తెరవొచ్చు, ల్యాప్‌టాప్‌లో చేయండి, పాప్-అప్ బ్లాకర్ తీసేయండి. మొత్తానికి గంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. పూర్తయినట్టు చూపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసి మీకే మెయిల్ చేసుకోండి.

అయిపోయిందనుకుంటారు. అవలేదు. ఆల్కహాల్‌ఎడ్యు లాంటి వాటిలో 30 నుంచి 45 రోజుల గ్యాప్ తర్వాత రెండో భాగం తెరుచుకుంటుంది, చిన్న సర్వే, కొన్ని ప్రశ్నలు, అంతే. కానీ అది వచ్చేది మిడ్‌టర్మ్‌ల మధ్యలో, దసరా హడావుడిలో. మొదటి భాగం ముగించిన రోజే 45 రోజుల తర్వాతి తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. చాలామంది హోల్డ్‌లో పడేది రెండో భాగం మర్చిపోయే.

కోర్సు చేయలేనిది, మీరు చేయాల్సింది

ఈ కోర్సు పనిచేస్తుందా అంటే, కొంతవరకు. 30 యూనివర్సిటీల్లో ఆల్కహాల్‌ఎడ్యు మీద చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదటి సెమిస్టర్‌లో తాగడం, బింజ్ తగ్గాయి, రెండో సెమిస్టర్‌కి ఆ తేడా నిలవలేదు. నా దృష్టిలో ఇది కోర్సుని తీసిపారేయడానికి కారణం కాదు, ఎందుకంటే కొత్తవాళ్లకు అత్యంత ప్రమాదకరమైనవి మొదటి ఆరు వారాలు, కోర్సు పనిచేసేదీ సరిగ్గా అప్పుడే. ఆ తర్వాతి బాధ్యత మాత్రం గదిలో ఉన్నవాళ్లదే.

అందుకే అపార్ట్‌మెంట్‌లో దిగిన మొదటి వారంలోనే, అద్దె, వంట వంతులు మాట్లాడుకునేటప్పుడే ఇది కూడా మాట్లాడేసుకోండి. ఎవరూ తాగని రోజు మాట్లాడితేనే అయ్యే పని ఇది. బయటికి వెళ్తే ఆ రాత్రి తాగకుండా ఉండేది ఎవరో బయలుదేరక ముందే తేలాలి, కారు తాళం వాళ్ల దగ్గరే ఉండాలి. ఎవరూ కాదంటే ఊబర్, లేదా క్యాంపస్ సేఫ్ రైడ్ ఉంటే అది. తాగని వాడిని "ఒక్క పెగ్గే కదరా" అని ఎవరూ బలవంతపెట్టకూడదు. తాగనివాడికి చిన్న చిట్కా, కారణాలు చెప్పడం మొదలుపెడితే వాదన పెరుగుతుంది, "వద్దు మావా, ఈరోజు డ్రైవింగ్ నాది" అంటే అక్కడితో ఆగిపోతుంది. గదిలో అలర్జీలు, వాడే మందులు, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో ఒకరివి ఒకరి దగ్గర ఉండాలి. ఇంటి పూర్తి అడ్రసు అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, దిగిన మొదటి వారంలో కంగారులో 911 వాళ్లకి అడ్రసు చెప్పలేకపోవడం మామూలే. దాని కిందే క్యాంపస్ పోలీసు నంబరు, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు నంబరు రాయండి.